పొడుపు కథ అడగని రోజు

బళ్ళారి దగ్గరి మోక ఊళ్ళో, కరెంటు సెక్షన్ ఆఫీసులో అనూష జూనియర్ ఇంజినీరుగా చేరి నాలుగు నెలలయింది. బళ్ళారి బజారులో బట్టల కొట్టు నడిపే కుటుంబం వాళ్ళది. ఇంట్లో అందరూ గల్లాపెట్టె దగ్గర పెరిగినవాళ్ళే. కరెంటు స్తంభాల వెంట తిరిగే ఉద్యోగంలో చేరింది ఆమె ఒక్కతే. రోజూ పొద్దున్నే స్కూటరు మీద మోకకు వచ్చేది. ఆమె కింద ముగ్గురు లైన్‌మన్లు పనిచేసేవారు. పెద్దవాడు తిప్పన్న, యాభై ఆరేళ్ళవాడు. స్తంభం ఎక్కడంలో వీరేష్‌ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. మూడోవాడు పరశురామ్ చేరి రెండేళ్ళే అయింది.

వాళ్ళ పనిలో ఆమెకు మొదటి రోజే ఒకటి వింతగా తోచింది. స్తంభం ఎక్కేముందు ముగ్గురూ దాని కింద చేరి నిలబడేవారు. ఎక్కనివాళ్ళలో చిన్నవాడు ఒక పొడుపు కథ వేసేవాడు. ఎక్కబోయేవాడు దాన్ని విప్పాలి. విప్పితే పైకి పోతాడు. విప్పలేకపోతే ఆ పూట కింద తాడు పట్టుకుంటాడు, ఇంకొకడు ఎక్కుతాడు. తీర్పు తిప్పన్నది. ఎంత పని తొందరగా ఉన్నా, ఎండ ఎంత మండుతున్నా ఇది తప్పేది కాదు.

ఆ రోజు పరశురామ్ వేసిన కథ ఆమెకు గుర్తే. ముగ్గురు అన్నదమ్ములు బతుకంతా పక్కపక్కనే నడుస్తారు, ఒకరినొకరు ముట్టుకుంటే మాత్రం ఊరంతా చీకటి. వీరేష్ తల పైకెత్తకుండానే మూడు తీగలనీ వేలితో చూపించి, నవ్వుకుంటూ బెల్టు బిగించుకున్నాడు.

ఇంకో రోజు పరశురామ్ ఎక్కాలి. కాళ్ళు లేకుండా బావిలో దిగేది, కడుపు లేకుండా చేనంతా నీళ్ళు కక్కేది ఏమిటని వీరేష్ అడిగాడు. మోటారు అన్నాడు పరశురామ్. తిప్పన్న తల అడ్డంగా ఊపి, పైపు అన్నాడు. ముగ్గురూ కాసేపు వాదులాడుకుని పకపకా నవ్వుకున్నారు. చివరికి పరశురామ్ తాడు పట్టుకున్నాడు. మోటారు కూడా సరైన జవాబే కదా అని అనూషకు అనిపించింది. పెద్దమనిషి ఇష్టం వచ్చినట్లు తీర్పు చెప్పడం, మిగిలినవాళ్ళు ఒప్పుకోవడం చిన్నపిల్లల ఆటలా కనిపించింది. అయినా కల్పించుకోలేదు.

జులైలో ఒక రైతు ఆ ఆటను ఫోనులో వీడియో తీశాడు. నలభై సెకన్లు ఉంటుంది. ముగ్గురు లైన్‌మన్లు స్తంభం కింద నిలబడి నవ్వుతున్నారు. జనం కరెంటు లేక చస్తుంటే వీళ్ళు ఆడుకుంటున్నారని కింద రాశాడు. అది ఊరూరూ తిరిగి, అనూష పైఅధికారి బసవరాజ్ ఫోనుకు చేరింది. ఆయన ఆమెను బళ్ళారికి పిలిపించి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడాడు. కొత్త ఉద్యోగి, ఆడపిల్ల, మెతకదని పేరు పడితే ముందు ముందు ఎవరూ మాట వినరని మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున ముగ్గురినీ నిలబెట్టి ఆర్డరు చెప్పింది. ఇకమీదట స్తంభం కింద ఆటలు లేవు. లైను ఎప్పుడు ఆపిందీ, ఎవరు ఎప్పుడు ఎక్కిందీ నిమిషాలతో రాయాలి. తిప్పన్న వాదిస్తాడనుకుంది. ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, "సరి మేడం" అని ఊరుకున్నాడు.

పని తొందరగానే సాగసాగింది. ఒక్కో స్తంభం దగ్గర ఆరేడు నిమిషాలు మిగిలాయి. బసవరాజ్ మెచ్చుకున్నాడు. కానీ ముగ్గురి మధ్యా ఏదో సన్నగిల్లింది. అంతకుముందు ఒకే చెట్టు నీడన కూచుని జొన్నరొట్టెలు, సెనక్కాయల పొడి పంచుకుని తినేవాళ్ళు, ఇప్పుడు ఎవరి బండి దగ్గర వాళ్ళు తినేవారు. పోట్లాట ఏమీ లేదు. మాటలే తగ్గిపోయాయి. పైనున్న వీరేష్ ఒకటి అడిగితే కిందున్న పరశురామ్ ఇంకొకటి పంపడం రెండుసార్లు ఆమె కంటబడింది. ఎండ దెబ్బ అనుకుంది.

ఆగస్టు రెండో వారంలో ఒక సాయంత్రం పెద్ద గాలి లేచింది. వాన నాలుగు చుక్కలే పడింది గానీ, కాలువ గట్టు వెంబడి పంపుసెట్ల లైను స్తంభాలు పదకొండు ఒరిగాయి. అప్పుడే నాట్లు వేసిన మళ్ళు. మూడు రోజులు మోటార్లు ఆడకపోయేసరికి మడి పగుళ్ళిచ్చింది. రైతులు ఆఫీసు అరుగు మీదే కాపురం పెట్టారు. బసవరాజ్ గంటకోసారి ఫోను చేసేవాడు. లైన్‌మన్లు పొద్దు పొడవకముందే వచ్చి, చీకటి పడ్డాక పోయేవారు. మూడో రోజు పదకొండు గంటలకు రెండే రెండు స్తంభాల పని మిగిలింది.

ఆ గట్టు మీద రెండు లైన్లు పక్కపక్కనే పోతాయి. ఒకటి పంపుసెట్లది, ఇంకొకటి ఊళ్ళది. మధ్య పదడుగుల ఎడం. కాలువ వంతెన దగ్గర ఒకదాని కింద ఒకటి దూరి పక్కలు మార్చుకుంటాయి. అంతవరకు ఎడమ చేతికున్నది అక్కణ్ణుంచి కుడి చేతికి వస్తుంది. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు రుద్రేశ్ ఆపింది పంపుసెట్ల లైను మాత్రమే. ఊళ్ళ లైనులో తాగునీళ్ళ మోటార్లున్నాయి, ఆస్పత్రి ఉంది. అందులో కరెంటు పారుతూనే ఉంది.

తిప్పన్న వంతెనకు ఇవతలి స్తంభం కింద కూచుని, పైనుంచి దించిన పింగాణీ ఇన్సులేటరు విప్పుతున్నాడు. తీగలో మిగిలిన కరెంటును భూమిలోకి దించే రాడ్డు వాళ్ళ దగ్గర ఒక్కటే ఉంది, అది ఆయన దగ్గరే ఉంది. రైతులు చుట్టూ మూగారు. ఒకడు అనూష ముఖం మీదికి ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. ఆమె వీరేష్‌ను పిలిచి, వంతెన అవతలి స్తంభం ఎక్కమంది. పరశురామ్ వెనకే వస్తాడంది. తిప్పన్న తల ఎత్తి ఏదో అనబోయి, ఆమె చేతిలోని నిమిషాల కాగితం చూసి ఆగిపోయాడు.

వీరేష్ "ఆఁ" అని తాడు భుజాన వేసుకుని నడిచాడు.

పరశురామ్‌ను రైతులు దారిలో ఆపారు. ఇంకెంతసేపని పదిమందీ అడుగుతుంటే విదిలించుకుని వంతెన దాటేసరికి వీరేష్ సగం స్తంభం ఎక్కేశాడు. అతని నడుముకున్న తాడు కొస కింద వేలాడుతోంది. పరశురామ్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడుకునే అలవాటు తప్పిపోయి నెల దాటింది. ఏమీ అడగలేదు.

అనూష వాళ్ళ వెనకే, సామాన్ల లెక్కలో రాయడానికి స్తంభం నంబరు కోసం వచ్చింది. స్తంభం మీద పసుపు రంగుతో రాసిన నంబరు చూసి, పంపుసెట్ల లైను స్తంభాలు రాసిన కాగితంలో వెతికింది. ఆ నంబరు కాగితంలో లేదు. తను తప్పు చదివానేమోనని మళ్ళీ చూసింది. పక్కన పదడుగుల దూరంలో ఉన్న స్తంభం వైపు చూసింది. కాగితంలో ఉన్న నంబరు దాని మీద ఉంది.

అప్పుడు తల పైకెత్తింది. వీరేష్ తీగలు మోసే పై అడ్డకమ్మీ దగ్గరికి చేరి బెల్టు చుట్టుకుంటున్నాడు.

గట్టు కింద, కాలువ నీళ్ళు పారే మడిలో ఒక ట్రాక్టరు ఇనుప చక్రాలతో దమ్ము చేస్తోంది. ఆమె అరిచిన అరుపు ఆ మోతలో కలిసిపోయింది. రుద్రేశ్‌కు ఫోను కలిపింది. ఊళ్ళ లైను తీసెయ్యమంది. పొద్దున రాసిచ్చింది పంపుసెట్ల లైనుకు కదా, దీనికి కాగితం లేదు కదా అని అతను నసిగాడు.

"మనిషి పైనున్నాడు రుద్రేశ్. నా మాట మీద తీసెయ్."

అంటూనే పరశురామ్ దగ్గరికి పరుగెత్తి, స్తంభం మీది నంబరు చూపించింది. అతనికి క్షణంలో అర్థమైంది. "వీరేషన్నా, దిగు, కెళగె బా" అని తెలుగూ కన్నడమూ కలిపి అరిచాడు. వీరేష్ కిందికి ఒకసారి చూశాడు. ఏదో సామాను అడుగుతున్నాడనుకున్నట్టు చెయ్యి ఊపి, కటింగ్ ప్లేయరు పట్టుకున్న కుడి చెయ్యి పైకెత్తాడు.

పరశురామ్ తాడు రెండు పిడికిళ్ళకూ చుట్టుకుని, మొత్తం బరువు వేసి నేల మీద కూలబడ్డాడు.

పైన నీలం మెరుపు మెరిసింది. గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు అయింది. వీరేష్ కాళ్ళు జారి, బెల్టుకు వేలాడుతూ స్తంభానికి కొట్టుకున్నాడు. ఫోనులో రుద్రేశ్ గొంతు వినిపిస్తూనే ఉంది, తీసేశాను మేడం, తీసేశాను అని. మెరుపు ముందో, అతను తీసింది ముందో ఆ తర్వాత కూడా ఎవరూ తేల్చలేదు.

తిప్పన్న రాడ్డు పట్టుకుని వంతెన మీద పరుగెత్తుకొచ్చాడు. ఆమెను ఒకే మాట అడిగాడు. "తీసినారా?"

తీశారని చెప్పింది. అంత తొందరలోనూ ఆయన ముందు రాడ్డు తీగకు తగిలించి, ఆ తర్వాతే పైకెక్కి మనిషిని ముట్టుకున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి వీరేష్‌ను భుజాన వేసుకుని దిగాడు. అరుస్తున్న రైతులే కారు తెచ్చారు.

వీరేష్ బతికాడు. తాడు లాగడం వల్ల చెయ్యి తీగకు చేరలేదు, ప్లేయరు కొస దాకా వచ్చిన మంటే తగిలింది. అయినా బళ్ళారి ఆస్పత్రిలో కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. నాలుగో రోజు అతను మాట్లాడగలిగాక అనూష పోయి మంచం పక్కన కూచుంది. పదేళ్ళుగా తిరిగిన గట్టు మీద పక్క ఎలా మరిచిపోయాడని అడిగింది.

అతని కూతురికి డెంగీ వచ్చి ఇదే ఆస్పత్రిలో కింది అంతస్తులో ఉందట. రెండు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా పాప పక్కన కూచుని, పొద్దున్నే మొదటి బస్సుకు మోక వచ్చేవాడట. ఇప్పుడు పాప తేరుకుందట.

"లీవు ఎందుకు అడగలేదు వీరేష్?"

"యాడ అడిగేది మేడం? జనం గలాటా చేస్తాండారు. మీరు చూస్తే టెన్షన్లో ఉండారు." కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. "ఎవురన్నా నా మొగం చూసి ఒక మాట అడిగింటే చెప్పింటి."

ఆమె బయటికి వచ్చేసరికి వరండాలో తిప్పన్న బల్ల మీద కూచుని ఉన్నాడు. ఆమె నిలబడే ఉంది. ఆయన కూచోమనలేదు. తనంతట తానే మాట్లాడాడు.

"మేడం, పొడుపు కథ తెలివి చూసేదానికి కాదు. వాడు జవాబు యోచన చేస్తాంటాడు గదా, అప్పుడు నేను వాని కండ్లు చూస్తాంటా. నిద్ర ఉండాదా, తాగినాడా, ఇంట్లో ఏమన్నా అయ్యిందా అని. సరి లేదనుకో, జవాబు తప్పంటా. వాడు తాడు పట్టుకుంటాడు. నువ్వు ఈ పొద్దు పనికి రావప్పా అంటే మగోడు వింటాడా? మొండికేసి ఎక్కుతాడు. ఆటలో ఓడినాడంటే ఎవురికీ నామర్దా లేదు."

ఆ రోజు పరశురామ్ మోటారు అన్నది తప్పు కాదని ఆమె మెల్లగా అంది.

"తప్పు యాడిది? ముందురోజు పెండ్లిలో బాగా తాగినాడు. చేతులు వణుకుతాండె. ఇరవై ఏండ్లలో అట్ల ఎంతమందిని దింపినానో లెక్క లేదు. ఎందుకు దింపినానో వాండ్లకూ చెప్పల్యా."

"నాకైనా చెప్పి ఉండొచ్చు కదా తిప్పన్నా."

"చెప్పినాక అది ఆటవుతాదా మేడం?" ఆయన గొంతులో కోపం లేదు. "చెప్పింటే బాగుండు. అది నా తప్పు."

విచారణ మొదలైంది. అనూష రాసిచ్చే వాంగ్మూలమే దానికి ముఖ్యం. అది ఇవ్వాల్సిన ముందురోజు బసవరాజ్ ఆమెను పిలిపించాడు. మూడు వాక్యాలు చాలన్నాడు. లైన్‌మన్ స్తంభం నంబరు సరిచూసుకోలేదు. తీగను పరీక్షించలేదు. రాడ్డు లేకుండా ఎక్కాడు. మూడూ నిజాలే. ఆటలు మాన్పించిన సంగతి, తొందరపెట్టిన సంగతి రాస్తే తప్పు ఆమె మెడకు చుట్టుకుంటుందనీ, రాయకపోతే అబద్ధమాడినట్టు కాదనీ అన్నాడు. ఆయన ఆమె మేలు కోరే చెబుతున్నాడు, అది ఆమెకు తెలుసు.

"ఆ మూడు వాక్యాలతో వీరేష్ ఏమవుతాడు సార్?"

బసవరాజ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిర్లక్ష్యం కింద తేలితే ఉద్యోగం నిలవడం కష్టమని చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె మూడు వాక్యాలూ రాసింది. చదువుకుంది. ఒక్కదానిలో కూడా తప్పు లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మర్నాడు విచారణ గది బయట కూచుని దాన్ని తీసి పట్టుకుంటే, అరచేతి చెమటకు అది మెత్తబడిపోయింది. లోపలినుంచి పిలుపు వచ్చేలోగా ఇంకో కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని మళ్ళీ రాసింది. మూడు వాక్యాలూ ఉంచింది. వాటి కింద, ముగ్గురూ ఒకే స్తంభం కింద చేరితే తప్ప ఎవరూ ఎక్కని అలవాటు ఒకటి ఈ ముఠాకు ఉండేదనీ, అది ఎందుకో అడగకుండా తాను ఆపించాననీ, ఆ రోజు రాడ్డు లేని స్తంభానికి వీరేష్‌ను ఒంటరిగా పంపింది తానేననీ రాసింది. సంతకం పెట్టేటప్పుడు కలం పట్టు జారుతుంటే చెయ్యి చీరకు తుడుచుకుంది. లోపల ఆ కాగితం చదువుతున్నంతసేపూ బసవరాజ్ ఆమె వైపు చూడలేదు.

మోకకు తిరిగొచ్చి మొదట చేసిన పని, పాత ఆర్డరు రద్దు చెయ్యడం. ఇకమీదట మునుపటిలాగే ఆడుకోవచ్చని చెప్పింది. పరశురామ్ నేల చూస్తూ నిలబడ్డాడు. తిప్పన్న తలపాగా సర్దుకున్నాడు.

"ఆర్డరు మీద నిలిచిపాయ మేడం. ఆర్డరు మీద వస్తాదా?"

రాలేదు. ఆమె రోజూ పని దగ్గరికి పోయి నిలబడేది. ఏమీ తొందరపెట్టేది కాదు. వాళ్ళు ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడేవారు. ఒకరోజు తనే ఒక పొడుపు కథ మొదలుపెట్టబోయి, వాళ్ళ ముఖాలు చూసి నోరు మూసుకుంది. పరశురామ్ ఆ గట్టు మీది రోజు తర్వాత ఒక్క స్తంభమూ ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అడగలేదు కూడా. తాడు పట్టుకునేవాడు, సామాను అందించేవాడు. పిడికిళ్ళ మీద తాడు కోసిన గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎక్కే పనంతా తిప్పన్న మీద పడింది. సెప్టెంబరు దాటేసరికి ఆయన దిగిన ప్రతిసారీ స్తంభానికి ఆనుకుని కాసేపు నిలబడవలసి వచ్చేది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం హగరి ఏటి ఒడ్డున పని పడింది. ఎత్తు స్తంభం. ఏటిగాలి విసురుగా కొడుతోంది. రాడ్డు తగిలించారు, నంబరు ఇద్దరూ సరిచూశారు. తిప్పన్న బెల్టు బిగించుకుంటున్నాడు. కొక్కెం రంధ్రంలో పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి పక్కకు తిరిగి, నడుముకు అడ్డంగా చెయ్యి పెట్టి ప్రయత్నించాడు. అనూష చూసింది. ఆపుదామని ఒక అడుగు వేసి ఆగింది. ఆమె ఆపితే అది ఆర్డరవుతుంది.

"తిప్పన్నా," అన్నాడు పరశురామ్. "మోసేవానికి కనపడదు. ఎదురుగొచ్చేవానికే కనపడతాది. ఏంది?"

తిప్పన్న చెయ్యి ఆగింది. తలెత్తి పరశురామ్‌ను చూశాడు.

"మొగం," అన్నాడు.

"కాదు. తప్పు." పరశురామ్ తాడు కొస ఆయన ముందుకు చాచాడు. "నువ్వు తాడు పట్టుకో."

"మరి ఏందప్పా జవాబు?"

"దిగినాక చెప్తా."

గాలికి తీగలు గుయ్యిమంటున్నాయి. తిప్పన్న బెల్టు తీసి ఇచ్చేశాడు. పరశురామ్ దాన్ని కట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి కిందికి దించి, మళ్ళీ పెట్టాడు. ఎక్కుతున్నంతసేపూ తిప్పన్న కళ్ళార్పకుండా పైకే చూస్తూ, తాడును కొంచెం కొంచెంగా వదులుతూ నిలబడ్డాడు. అనూష ఆయన పక్కకు వచ్చి, మిగిలిన తాడు చిక్కుపడకుండా పట్టుకుంది. ఆయన వద్దనలేదు. పైన పని ముప్పావుగంట పట్టింది.

డిసెంబరులో నిర్ణయం వచ్చింది. వీరేష్ మీద నిర్లక్ష్యం ఆరోపణ పెట్టలేదు. అతన్ని సబ్‌స్టేషన్‌లో రుద్రేశ్ దగ్గర వేశారు. లాగ్‌బుక్‌లో ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు, ఇంకా వంకరగానే వస్తోంది. అనూషకు ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. మెమో తపాలాలో వచ్చిన పొద్దున ఆమె దాన్ని రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం చేసి, మోక బస్టాండు దగ్గర లారీ గుద్దిన స్తంభం చూడడానికి బయలుదేరింది.